ఫిలాసఫీకి పదిమంది

బుధవారం ఉదయం శృతి వేసుకున్న ప్రణాళికలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పదకొండింటికి దిల్‌సుఖ్‌నగర్‌లో గంటసేపు ఉచిత డెమో క్లాసు. ఎంత తక్కువ అనుకున్నా నలభై మంది వస్తారు. నలభై మందిలో పదిమందికైనా ఫిలాసఫీ నచ్చుతుంది. నచ్చిన ఆ పదిమందీ మెట్రో ఎక్కి ఎల్బీ నగర్‌లో దిగి, అక్కడి నుంచి ఆటోలో విశ్వవిద్యాలయానికి వచ్చి బి.ఏ. మొదటి సంవత్సరంలో చేరిపోతారు. నాలుగింటికల్లా తను మీర్‌పేట్‌లో ఇంటికి చేరి వేడివేడి మిర్చి బజ్జీలు తింటుంది. తర్కశాస్త్రంలో తొంభై ఒక్క మార్కులు తెచ్చుకున్న పిల్ల కాబట్టి ఈ లెక్క తప్పే ప్రసక్తే లేదని ఆమెకు గట్టి నమ్మకం.

ఆ తొంభై ఒకటితో ఆమె క్లాసులో ఫస్టు కూడా. క్లాసులో ఎంతమంది అని ఇంట్లో ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఒక్కదాన్నే అని చెప్పేదే. మొదటి ఏడాది ముగ్గురు చేరారు. ఒకడు దసరా సెలవులకు వెళ్ళి హోటల్ మేనేజ్‌మెంటులో తేలాడు. రెండోవాడు కానిస్టేబుల్‌గా సెలెక్టయి పోయాడు. ఇప్పుడు ఫిలాసఫీ రెండో సంవత్సరానికి విద్యార్థిలోకం అంటే శృతే.

విశ్వవిద్యాలయం కూడా చిన్నదే. ఎల్బీ నగర్ మెట్రో దగ్గర దాని పేరు చెబితే ఆటోవాళ్ళకు అర్థం కాదు, పక్కనున్న ఫంక్షన్ హాలు పేరు చెప్పాలి. అందులో ఫిలాసఫీ శాఖ అంటే లైబ్రరీ వెనక ఒక గది, ఒక బీరువా, ఒక నల్లబల్ల, ఒక యెహెజ్కేలు సారు. సారుకు యాభై ఎనిమిదేళ్ళు. తనకు ఖాయంగా తెలియని మాటను నోట రానివ్వరు. "బాగున్నరా సార్" అని ఎవరైనా పలకరించినా ఒక్క క్షణం ఆగి, లోపల సరిచూసుకున్నాకే "బాగున్న" అంటారు. ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పడానికి పాస్టరు గారు ఆయన్ని పిలవడం మానేసి చాలాకాలమైంది. సారు సాక్ష్యంలో "బహుశా"లు ఎక్కువని పాస్టరు గారి ఫిర్యాదు.

ఆ గదికి సోమవారం ఒక కాగితం వచ్చింది. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా మొదటి సంవత్సరంలో పదిమంది చేరకపోతే ఫిలాసఫీ శాఖను మూసేస్తామని, ఉన్న ఒక్క విద్యార్థినినీ బీబీఏలో సర్దుతామని దాని సారాంశం. అప్పటికి చేరినవాళ్ళు సున్నా. సంతకం పెట్టింది రిజిస్ట్రారు కుసుమకుమారి. ఆవిడది గుంటూరు వైపు, మాట మహా మెత్తన. "నాకేమన్నా ఫిలాసఫీ మీద పగా చెప్పండి యెహెజ్కేలు గారూ? పైవాళ్ళు అడుగుతున్నారు, నేను రాస్తున్నాను. శృతికేం ఢోకా లేదండీ, బీబీఏలో బంగారంలా చూసుకుంటారు" అని సముదాయించి వెళ్ళారు.

శృతికి బీబీఏ మీద కోపమేమీ లేదు. కానీ బళ్ళోనూ ఇంటర్ కాలేజీలోనూ ఆమెను అందరూ జవాబులే అడిగారు. "నువ్వేమనుకుంటున్నవ్?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఓపిగ్గా ఎదురుచూసిన మొదటి మనిషి యెహెజ్కేలు సారు. ఆ అడిగే గది లేకుండా పోతుందంటే ఆమెకు అన్నం సయించలేదు.

ఇక ఆమె తండ్రి జనార్ధన్. మీర్‌పేట్‌లో ప్లాట్లు కొని అమ్మే మనిషి. తాతల నాటి పొలాలు ఇళ్ళస్థలాలుగా మారిన నాటి నుంచి ఆయనకు లోకంలో వస్తువులన్నీ రెండే రకాలు, డిమాండ్ ఉన్నవి, లేనివి. ఫిలాసఫీ ఏ రకమో ఆయనకు చెప్పాల్సిన పని లేదు.

"సరే, శుక్రవారం దాక చూస్త. పదిమంది దొరికిన్రా, నీ ఇష్టం. దొరకలేదా, కిక్కురుమనకుంట బీబీఏల కూసోవాలె" అన్నాడు.

"కూసుంట డాడీ."

"మాట?"

"మాట."

మాట తీసుకున్నాడే గాని కన్నతండ్రి కదా, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటరు నడిపే దోస్తుకు తనే ఫోన్ చేసి బుధవారం ఒక గంట హాలు ఇప్పించాడు.

దిల్‌సుఖ్‌నగర్ డెమో క్లాసులకు ఒక వరస ఉంది. సారు వేదిక ఎక్కగానే పోస్టులెన్ని పడుతున్నాయో చెప్పాలి. పడకపోయినా చెప్పాలి. తర్వాత గోడమీది ర్యాంకర్ల ఫోటోలు చూపించాలి. కిందటిసారి పరీక్షలో తమ మెటీరియల్ నుంచి ఎన్ని ప్రశ్నలు వచ్చాయో చెప్పాలి. చివర్లో, సీట్లు నాలుగే మిగిలాయని వాచీ చూసుకోవాలి. జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండే పిల్లలు వారానికి నాలుగైదు డెమోలు వింటారు. కొందరు చదువు కోసం వింటారు, కొందరు ఏసీ కోసం వింటారు. వరస మాత్రం ఎక్కడా తప్పదు.

యెహెజ్కేలు సారుకు ఈ వరస తెలియదు. నేరుగా బోర్డు దగ్గరికి వెళ్ళి, "మీరు నమ్మేవాటిలో మీరే విచారించి నమ్మినవి ఎన్ని?" అని రాసి, చేతులు దులుపుకొని అందరివైపూ తిరిగారు.  అందరూ ప్రశ్నను నోటుబుక్కుల్లో ఎక్కించుకున్నారు. వెనక నిలబడ్డ శృతి తలలు లెక్కపెట్టింది. ముప్పై ఎనిమిది. నలభైకి రెండే తక్కువ.

ముందు వరసలో ఒక చెయ్యి లేచింది. ఆ చెయ్యి మహేందర్‌ది. ఇరవై తొమ్మిదేళ్ళ మహేందర్ ఏడేళ్ళుగా అక్కడే హాస్టల్లో ఉంటూ గ్రూపులు, పోలీసు, రైల్వే, బ్యాంకు, అటవీశాఖ ఏదీ వదలకుండా రాశాడు. ఉద్యోగం రాలేదు గాని, ఏ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో ముందే పసిగడతాడని పేరు మాత్రం వచ్చింది. అతడు చెయ్యెత్తితే చుట్టుపక్కలవాళ్ళు పెన్నులు సిద్ధం చేసుకుంటారు.

"సార్, గీ కోర్సుకు పోస్టులెన్ని పడుతున్నయ్?"

"పోస్టులు లేవు" అన్నారు సారు.

"అంటే నోటిఫికేషన్ ఇంక రాలే. ఎప్పుడొస్తది సార్?"

"రాదు."

"ర్యాంకర్ల ఫోటోలు పెట్టలేదు?"

"మా దగ్గర ర్యాంకర్లు లేరు."

"మెటీరియల్ ఎప్పుడిస్తరు?"

"ఇయ్యం నాయనా. ఎవరికి వాళ్లే ఆలోచించాలె."

"సీట్లు ఎన్ని మిగిలినయ్ సార్?"

"అన్నీ."

హాల్లో అందరూ రాయడం ఆపి తలెత్తారు. ఆ వేదిక మీద నిలబడి పోస్టులు లేవని చెప్పిన మనిషిని వాళ్ళు అంతవరకు చూసి ఎరగరు. మహేందర్ పెన్ను మూత పెట్టి, పక్కవాడి చెవిలో గుసగుసలాడాడు.

"జర ఆలోచించు. పోస్టులు లేనోళ్లందరు ఉన్నయని చెప్తరు. గీ సార్ లేవంటున్నడు. అంటే?"

"అంటే?" అన్నాడు పక్కవాడు.

"చెప్పొద్దని పైనుంచి ఆర్డర్ ఉన్నది."

క్లాసు అయిపోగానే ఒక్కరు కూడా చేరతానని ముందుకు రాకపోవడంతో శృతి ముఖం చిన్నబోయింది. అందరూ ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటూ గబగబా మెట్లు దిగిపోయారు. చివరికి మహేందర్ ఒక్కడే ఆమె దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి, "ఫారాలు ఏడ ఇస్తరు?" అని అడిగాడు.

"యూనివర్సిటీల అన్నా. రేపు పదింటి నుంచి. నువ్వు జాయిన్ అయితవా?"

"మెల్లగ మాట్లాడు" అని మందలించి వెళ్ళిపోయాడు.

ఒక్కడైనా దొరికాడు కదా, ఇంకా తొమ్మిది మందే అనుకొని శృతి ఆ సాయంత్రం ఇంట్లో అనుకున్నట్టే బజ్జీలు తిన్నది. ప్రణాళికలో అనుకున్నట్టు జరిగింది ఆ బజ్జీలు ఒక్కటే.

గురువారం తొమ్మిదిన్నరకు ఆమె ఆటో దిగేసరికి విశ్వవిద్యాలయం గేటు నుంచి ఫంక్షన్ హాలు దాకా లైను ఉంది. ఫంక్షన్ హాల్లో ఎవరిదో పెళ్ళి. పెళ్ళివాళ్ళు ఇంతమందిని ఎప్పుడు పిలిచామా అని కంగారుపడి, వంటవాళ్ళతో గుసగుసలాడుతున్నారు. శృతికి మొదట ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక గాల్లో తేలిపోయింది. వీళ్ళందరికీ ఫిలాసఫీ నచ్చింది! సారు ఒక్క ప్రశ్న బోర్డు మీద రాస్తే ఇంతమంది కదిలి వచ్చారు! ఆ ఆనందంలో ఆమె లైను పొడుగునా అందరికీ చేతులూపుకుంటూ నడిచి, గేటు పక్క జిరాక్సు షాపు దగ్గర ఆగిపోయింది.

షాపతను సారు ప్రశ్న కాపీలు అమ్ముతున్నాడు. డెమోలో ఎవరో బోర్డును ఫోన్లో ఫోటో తీశారు. ఆ ఫోటో కాపీ మీద "ఫిలాసఫీ: అతి ముఖ్యమైన ప్రశ్న" అని తాటికాయంత అక్షరాలతో రాసి ఉంది. జవాబు కూడా కావాలన్నవాళ్ళను సాయంత్రం రమ్మంటున్నాడు. పక్కనే అరుగు మీద నిలబడి మహేందర్ పదిమందికి వివరిస్తున్నాడు.

"మండలానికి ఒకరు. నీతి అధికారి. ఎవలు నీతిగ ఉన్నరు, ఎవలు లేరు, చూసి సర్కారుకు రాసుడే పని. ఫిలాసఫీ డిగ్రీ ఉన్నోళ్లకే ఛాన్స్. జీపు గూడ ఇస్తరు."

"డ్రైవర్ ఉంటడా అన్నా?" అని ఒకడు అడిగాడు.

"డ్రైవర్ లేకుంట జీపు ఎట్ల ఇస్తర్రా? జర బుద్ధి ఉండాలె."

శృతి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ఒక్క ఉదుటున అరుగు ఎక్కేసింది. "అన్నా, గసొంటిది ఏం లేదు! ఏ పోస్టు లేదు, ఏ జీపు లేదు. నిన్న సార్ చెప్పిండు గదా!"

అందరూ ఆమె వైపు తిరిగారు. "నువ్వెవరమ్మా?" అన్నాడు ఒకడు.

"నేను ఇక్కడనే ఫిలాసఫీ సెకండ్ ఇయర్."

"సెకండ్ ఇయర్ల ఎంతమంది ఉన్నరు?"

"నేనొక్కదాన్నే."

"ఉద్యోగం రాదని తెలిసి ఎందుకు చదువుతున్నవ్ మరి?"

"నాకిష్టం."

లైనంతా నవ్వింది. ఇష్టమని చదువుతున్న మనిషిని వాళ్ళు నమ్మదలుచుకోలేదు. మహేందర్ తలూపి, "చూసిన్రా? ఒక్కతే ఉన్నది. మనల్నందర్ని ఎల్లగొట్టి, ఫస్ట్ పోస్టు తనే కొట్టేద్దామని చూస్తున్నది" అని తేల్చేశాడు. "కాంపిటీషన్ తగ్గించుడు అంటే గిదే. పోస్టులు లేనోళ్లు ఉన్నయంటరు, ఉన్నోళ్లు లేవంటరు."

తర్కశాస్త్రంలో తొంభై ఒకటి తెచ్చుకున్న పిల్ల అంత తేలిగ్గా వదులుతుందా? శృతి గొంతు పెంచింది. "అన్నా, వినున్రి. లేనోళ్లు ఉన్నయంటరు, నిజమే. అంత మాత్రాన, లేవన్నోళ్ల దగ్గర ఉన్నట్టు కాదు! అది తప్పు తర్కం. లెక్క కుదరదు!"

మాట విన్నారు. చాలా శ్రద్ధగా విన్నారు. రెండోసారి చెప్పమని అడిగి, మూడోసారి మెల్లగా చెప్పమని అడిగి, అందరూ నోటు చేసుకున్నారు. పావుగంటలో జిరాక్సు షాపులో అది "అతి ముఖ్యమైన ప్రశ్న నంబరు రెండు"గా వెలిసింది.

మధ్యాహ్నానికి ఫారాలు రెండుసార్లు అచ్చు వేయించాల్సి వచ్చింది. కుసుమకుమారి కాన్ఫరెన్సు హాలు తెరిపించారు. "నాకు ముందే తెలుసండీ, ఫిలాసఫీకి భవిష్యత్తు ఉందని" అని ఎదురొచ్చిన ప్రతివాళ్ళతోనూ అన్నారు. లైబ్రరీ వెనక గదిలో మాత్రం యెహెజ్కేలు సారు రెండు చేతుల మధ్య తల పెట్టుకొని కూర్చున్నారు. శృతి వచ్చి ఎదురుగా కూలబడింది.

"మనం అబద్ధం చెప్పలేదు సార్" అన్నది.

"చెప్పలే."

"ఉన్నదున్నట్టు చెప్పినం. నేనైతే పొద్దటి నుంచి గొంతు పోయేదాక చెప్పిన."

"అవును. కాని వాళ్లు నమ్మింది అబద్ధం. అది నమ్మి చేరితే బాగుపడేది మనం." సారు తలెత్తి ఆమెను చూశారు. "నువ్వేమనుకుంటున్నవ్?"

అడిగి, ఎప్పటిలాగే ఆగారు. ఈ ప్రశ్న కోసమే శృతి ఈ చదువుకు వచ్చింది. ఇప్పుడు మాత్రం సారు ఆ ఒక్కసారికి అడగకుండా ఉంటే బాగుండుననిపించింది. నోరు మూసుకొని రేపు ఐదింటి దాకా కూర్చుంటే చాలు, గది నిలుస్తుంది, సారు నిలుస్తారు, తను నిలుస్తుంది. ఎవరిని మోసం చేసినట్టు? ఎవరినీ కాదు.  సారు ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు.

"మనం చెప్తే నమ్ముతలేరు సార్" అన్నది చివరికి. "వాళ్ల చేతనే రాయిద్దాం. ఈ చదువుకు ఉద్యోగం రాదని తెలిసే చేరుతున్న అని, ఎవరి చేత్తో వాళ్లు రాసి సంతకం పెట్టాలె. రాసేటప్పుడన్న ఆలోచిస్తరు గదా."

"ఆలోచిస్తే పదిమంది గూడ మిగలరేమో."

"మిగలరు సార్" అన్నది శృతి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోవడానికి బీరువా వైపు తిరిగి, కాగితం వెతుకుతున్నట్టు నటించింది.

సారు ఊరుకోలేదు. ఇంకో మాట కూడా చేర్చారు. చేరినవాళ్ళ ఒరిజినల్ సర్టిఫికెట్లు విశ్వవిద్యాలయం తీసుకోదు, నెలలోపు ఎవరైనా ఎప్పుడైనా వెళ్ళిపోవచ్చు. కుసుమకుమారి ఈ షరతు వినగానే ఉలిక్కిపడ్డారు. ఒరిజినల్స్ బీరువాలో పెట్టి తాళం వేసుకోని కాలేజీని ఆవిడ తన సర్వీసులో చూడలేదు. "అలా అయితే రేపు మధ్యాహ్నానికి ఒక్కరూ మిగలరండీ" అన్నారు. "బహుశా" అన్నారు సారు. కానీ చేరేవాళ్ళకు పాఠం చెప్పేది ఆయనే కాబట్టి, ఆవిడ నిట్టూర్చి సంతకం పెట్టారు.

శుక్రవారం ఉదయం గేటుకు బోర్డు కట్టారు. శృతి తన చేత్తో, అర కిలోమీటరు దూరానికి కనపడేలా రాసింది. "ఈ చదువు వల్ల నాకు ఏ ఉద్యోగమూ రాదని తెలిసే చేరుతున్నాను. ఈ మాట సొంత దస్తూరీతో రాసి సంతకం చేసినవారికే ప్రవేశం. ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకోబడవు. నెలలోపు ఎప్పుడైనా మానేయవచ్చు." బోర్డు కట్టి, లైను కరిగిపోవడం చూసే ధైర్యం లేక లోపలికి వెళ్ళిపోయింది.

లైనులో ముందున్నది మహేందరే. బోర్డును మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదివాడు. మెల్లగా అతని ముఖం విప్పారింది.

"బాండ్!" అన్నాడు.

ఆ ఒక్క మాట లైను వెంట పరుగెత్తింది. బాండు రాయించుకుంటున్నారట! ఉద్యోగం లేనిదే ఎవరైనా బాండు రాయించుకుంటారా? "ఒరిజినల్స్ ఎందుకు తీసుకుంటలేరన్నా?" అని ఒకడు అడిగితే, మహేందర్ జాలిగా చూశాడు. "సర్టిఫికెట్ వెరిఫికేషన్ రోజు ఒరిజినల్స్ ఎవని దగ్గర ఉండాలెరా? నీ దగ్గరనా, కాలేజీ దగ్గరనా? వాళ్లు ముందుచూపుతోటి పోతున్నరు." నెలలోపు మానేయవచ్చన్న మాటకు కూడా అతని దగ్గర వివరణ ఉంది. "పిరికోళ్లను ముందే పంపిస్తున్నరు. గట్టోళ్లే మిగలాలె. పోలీసు ట్రైనింగుల గూడ గిట్లనే ఉంటది."

పదకొండింటికి ఫంక్షన్ హాలు మూల తిరిగింది లైను. సారు చెప్పినట్టే అందరూ ఆలోచించారు. కాకపోతే వేరే దిక్కుగా ఆలోచించారు. కొందరు తెల్లకాగితం మీద రాస్తే చెల్లదేమోనని స్టాంపు పేపర్లు తెచ్చుకున్నారు. ఒకాయన నోటరీ ముద్ర వేయించుకొని, ఇద్దరు సాక్షులతో సహా వచ్చాడు. పక్కనే బీబీఏ ప్రవేశాల లైనులో ఉన్న పిల్లలు కొంతసేపు ఇటు చూసి, తమ దాంట్లో బాండు అడగడం లేదని గమనించి, ఒక్కొక్కరే ఈ లైనులోకి జారుకున్నారు.

శృతి కిటికీలోంచి ఇదంతా చూసి నెత్తి పట్టుకున్నది. "సార్, రాస్తున్నరు. అందరు రాస్తున్నరు!"

యెహెజ్కేలు సారు బయటికి వెళ్ళి, ఒక్కొక్కరి ముందూ నిలబడి అడిగారు. "నాయనా, నువ్వు రాసింది నీకర్థమైందా?" "అయింది సార్." "ఉద్యోగం రాదు." "రాదు సార్." "జీపు లేదు." "లేనే లేదు సార్" అని చెప్పి, ప్రతివాడూ ఆయనకు మాత్రమే కనపడేలా ఒక చిరునవ్వు నవ్వాడు. కొందరు కన్ను కూడా కొట్టారు. ముప్పై ఏళ్ళ బోధనలో విద్యార్థులు తనతో ఇంత సంపూర్ణంగా ఏకీభవించడం సారు ఎన్నడూ చూడలేదు. నీరసంగా వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

నాలుగున్నరకు జనార్ధన్ వచ్చాడు. మాట ప్రకారం ఐదింటికి కూతురిని బీబీఏలోకి మార్పించడానికి రావలసిన మనిషి. కానీ వాలకం అలా లేదు. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా వేసుకొని, పెళ్ళికొడుకు తండ్రిలా నడుచుకుంటూ వచ్చాడు. పొద్దటి నుంచి మీర్‌పేట్, సైదాబాద్ మనుషులంతా ఫోన్లు చేస్తున్నారు. "జనార్ధనన్నా, మీ బిడ్డ అండ్లనే ఉన్నదట గదా, మావోనికి జర ఒక సీటు చెప్పు" అని బతిమాలుతున్నారు. పాతికేళ్ళ వ్యాపారంలో ఏ వెంచరుకూ రాని గిరాకీ ఇది. ఆయన కూతురి పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు.

"నాకన్న చెప్పొచ్చు గదా బిడ్డా."

"ఏంది డాడీ?"

"జీపు సంగతి."

"డాడీ! జీపు లేదు!"

"సరే, లేదు" అన్నాడు జనార్ధన్, ఆమె భుజం తడుతూ. "నేనెవరికి చెప్ప."

సరిగ్గా ఐదింటికి కుసుమకుమారి లైబ్రరీ వెనక గదికి వచ్చి లెక్క తేల్చారు. నూట అరవై మూడు. శాఖను మూసే కాగితాన్ని అందరి ముందే నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశారు. శృతి సారు వైపు చూసింది. సారు కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. చెప్పగలిగిన నిజమంతా చెప్పారు, రాయించగలిగినంతా రాయించారు, ఇక మిగిలింది పాఠం చెప్పడమే. నెల రోజుల్లో జీపు మీద మనసు విరిగినవాళ్ళు సర్టిఫికెట్లతో సహా వెళ్ళిపోతారు. ఎవరో నలుగురు ప్రశ్న మీద మనసు పడి ఉండిపోతారు. ఆమెకు ఎంత సంతోషంగా ఉందంటే, మహేందర్ కనిపిస్తే వాటేసుకునేలా ఉంది.

"శృతీ, ఒకసారి ఇలా రామ్మా" అన్నారు కుసుమకుమారి. గొంతు మామూలు కంటే మెత్తగా ఉంది. "నూట అరవై మూడు మందికి మూడు సెక్షన్లు వేశాం. మీ సారుకు వారానికి ఎన్ని గంటలున్నాయో అన్నీ వాళ్ళకే సరిపోయాయి. ఇంకో మాస్టారిని పెట్టరు. రెండో సంవత్సరంలో నువ్వొక్కదానివే కదా, ఆ క్లాసు నడపడానికి కుదరడం లేదమ్మా."

 సారు కుర్చీలోంచి లేచారు. "నేను పొద్దున ఏడింటికే వచ్చి చెప్త మేడం."

"మీరు వస్తారండీ, తెలుసు. గంటలు దాటితే పైవాళ్ళు ఒప్పుకోరు" అన్నారు కుసుమకుమారి నొచ్చుకుంటూ. "బీబీఏ రెండో సంవత్సరంలో సీటు సిద్ధంగా ఉంది. ఏడాది కూడా కలిసొస్తుంది."

 శాఖను నిలబెట్టడానికి మూడు రోజులు గొంతు చించుకున్న పిల్ల తప్ప ఇప్పుడు అందరూ ఫిలాసఫీలో ఉన్నారు. శృతికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. రెండింటినీ మింగి, కొంచెంసేపు ఆలోచించింది. ఈసారి ప్రణాళికలో మెట్లు ఎక్కువ లేవు, ఒక్కటే ఉంది.

"మేడం, ఫస్ట్ ఇయర్ల ఎంతమందన్నరు?"

"నూట అరవై మూడు."

"ఇంకొకరికి జాగా ఉన్నదా?"

కుసుమకుమారి నోరు తెరిచారు. "చదివిందే మళ్ళీ చదువుతావా? ఏడాది పోతుంది కదే పిచ్చిపిల్లా!"

"పోతే పోనీయ్ మేడం" అన్నది శృతి. అని, మెల్లగా తండ్రి వైపు చూసింది. ఏడాది పోవడమంటే మామూలు మాట కాదు. బీబీఏ అంటూ మాట తీసుకున్న మనిషి ఎదురుగానే ఉన్నాడు.

జనార్ధన్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఏడాదిదేముంది తియ్యున్రి మేడం" అన్నాడు ధీమాగా. "ఫిలాసఫీ సీటు మళ్ల దొరుకుతదా? రాసుకోన్రి నా బిడ్డ పేరు."

"కాని రూల్ అందరికి ఒకటే" అన్నారు యెహెజ్కేలు సారు.  బీరువాలోంచి ఒక తెల్లకాగితం తీసి శృతి ముందు పెట్టారు. ఆమె పెన్ను తీసి, ఒక్క అక్షరం కొట్టివేత లేకుండా ఆ వాక్యం రాసి, కింద సంతకం చేసి, తేదీ వేసి, మహేందర్ కాగితాన్నీ నోటరీ ముద్ర కాగితాన్నీ కలిపి కట్టిన దొంతర మీద పెట్టింది.

నూట అరవై నాలుగు మంది రాసిన మాట ఒక్కటే గాని, దాన్ని నమ్మి రాసింది మాత్రం ఒక్కతే.